ఏడుపు ఆగిన మధ్యాహ్నం

మంగళవారం సాయంత్రం స్కూలు నుంచి ఇల్లు చేరిన శ్రీలేఖ, పడుకున్న కూతుర్ని ఎత్తుకోబోతే మూడు నెలల మోక్షిత తడిగుడ్డలా చేతుల్లో వాలిపోయింది. ఆటోలోనే ఫిట్స్ మొదలయ్యాయి. బందరులో తల్లీపిల్లల ఆస్పత్రిలో చేర్చి స్కాన్ తీస్తే మెదడు చుట్టూ రక్తం కనబడింది. ఒంటిమీద మాత్రం చిన్న గీత కూడా లేదు. తల్లి బడికి వెళ్లినప్పుడు పాపను చూసుకునేది పక్క వాటాలో ఉండే ఆబిదా. ఆమే పాపను పడేసి ఉంటుందని నాయనమ్మ వెంకటరత్నమ్మ చిలకలపూడిలో వాళ్ల వీధి మధ్య నిలబడి నలుగురికీ వినపడేలా తిట్టిపోసింది. ఆస్పత్రి వాళ్లు పోలీసులకు కబురు పెట్టారు. శుక్రవారం పొద్దున్నే ఏఎస్సై శోభనాద్రి వచ్చి, ఆబిదానూ ఆమె భర్త హనీఫ్‌నూ పిలిపించి కింద వరండాలో కూర్చోబెట్టాడు.

వాళ్లను ప్రశ్నలు అడగడం మొదలుపెట్టేలోగా, పై అంతస్తులో డాక్టర్ ఇంద్రజ పాప తల్లిదండ్రుల్నీ నాయనమ్మనూ తన గదిలోకి పిలిచింది.

ఇంద్రజది గుడ్లవల్లేరు. నలభై దాటిన మనిషి. ఎంతటి విషయమైనా గొంతు పెంచకుండా చెబుతుందని ఆస్పత్రిలో పేరు. ఆ రోజు మాత్రం ఎక్కడ మొదలుపెట్టాలో తెలియనట్టు కాసేపు బల్లమీద కాగితాలు సర్దింది.

"ముందు మంచి మాట చెబుతాను," అంది చివరికి. "నిన్నట్నుంచి ఫిట్స్ రాలేదు. మెదడు వాపు తగ్గుతోంది. ఆపరేషన్ అక్కర్లేదని న్యూరో సర్జన్ గారు అన్నారు."

శ్రీలేఖ కళ్లు మూసుకుంది. మూడు రోజులుగా అదే చీరలో ఉంది. పక్కన ఆమె భర్త శశిధర్ తల వంచుకుని ఫోన్‌ను చేతిలో అటూ ఇటూ తిప్పుతున్నాడు. కోడూరు దగ్గర రొయ్యల చెరువుల్లో నీళ్లు పరీక్షించే టెక్నీషియన్ అతను. రాత్రంతా చెరువు గట్ల మీద, పగలంతా బండి మీద గడిచే ఉద్యోగం.

"ఆ దేవుడు చల్లగా చూశాడు," అంది వెంకటరత్నమ్మ. "ఇంక ఆ పడేసిన మనిషి సంగతి పోలీసులు చూసుకుంటారు."

"పడితే ఇలా ఉండదండీ," అంది ఇంద్రజ.

"అదేంటమ్మా?"

"మంచం మీంచో ఒళ్లోంచో పడిన పిల్లల్ని రోజూ చూస్తూనే ఉంటాను. బొప్పి కడుతుంది, కెవ్వుమంటారు, చాలామంది కాసేపటికి మామూలైపోతారు. మన పాపకి బొప్పి లేదు. లోపల మాత్రం మెదడు చుట్టూ రక్తం చేరింది. గుడివాడ నుంచి కళ్ల డాక్టర్ గారిని పిలిపించాను. రెండు కళ్ల వెనకా చాలా చోట్ల రక్తం చిమ్మి ఉందన్నారు."

"రక్తం గడ్డకట్టని జబ్బేమైనా ఉందేమో. మా ఊళ్లో ఒకళ్లకి అలాగే..."

"నాకూ ఆ అనుమానం వచ్చిందండీ. అందుకే ఇన్నాళ్లూ నోరు విప్పలేదు. రక్తం పరీక్షలన్నీ చేయించాను. పుట్టుకతో వచ్చే జబ్బులున్నాయేమోనని చూశాను. ఒళ్లంతా ఎక్స్‌రేలు తీయించాను. ఎముకలు బాగున్నాయి. జబ్బు ఏదీ కనబడలేదు. అన్నీ కలిపి చూస్తే నాకు ఒకటే కారణం మిగిలింది. ఎవరో పాపను రెండు చేతుల్తో పట్టుకుని గట్టిగా కుదిపేశారు."

శశిధర్ చేతిలో ఫోన్ తిరగడం ఆగింది.

"కుదపడమేంటి తల్లీ?" వెంకటరత్నమ్మ విస్తుపోయింది. "ఉయ్యాల్లో ఊపమా? కాళ్ల మీదేసుకుని ఊపమా? నేను నలుగుర్ని పెంచాను. ఎవరికీ ఏమీ కాలేదే."

"ఉయ్యాలకి ఏమీ కాదండీ. కాళ్ల మీద ఊపినా కాదు, ఆటోలో గతుకుల రోడ్డు మీద వెళ్లినా కాదు. ఇది వేరు." ఇంద్రజ తన చేయి మెడ వెనక్కి పెట్టుకుంది. "మూడు నెలల పిల్లకి ఒంటితో పోలిస్తే తల బరువు. మెడ నిలవదు. లోపల మెదడు ఇంకా మెత్తగా ఉంటుంది. ఏడుస్తున్న పిల్లని కోపంలో పట్టుకుని ముందుకీ వెనక్కీ ఆడించేస్తే ఆ మెదడు అటూ ఇటూ కదిలి, దాని మీదున్న సన్నటి రక్తనాళాలు తెగిపోతాయి. దానికి ఎంతోసేపు పట్టదు. బయటికి ఏమీ కనబడదు. అందుకే చేసిన వాళ్లకి కూడా ఏం చేశామో తెలీదు చాలాసార్లు."

"మరి చేసిందెవరో తెలుస్తూనే ఉందిగా. పొద్దుట్నుంచీ దాని దగ్గరే కదా పిల్ల."

ఇంద్రజ శ్రీలేఖ వైపు తిరిగింది.

"ఇంత దెబ్బ తగిలాక బిడ్డ ఎప్పట్లా ఉండదమ్మా. పాలు తాగదు, ఆడుకోదు. అప్పటికప్పుడే వాడిపోతుంది. అందుకని అడుగుతున్నాను. మంగళవారం పాప బాగా ఉండగా చివరిసారి చూసిందెవరు?"

"నేను ఇంటికొచ్చేసరికే డల్‌గా ఉందండి," అన్నాడు శశిధర్. మూడు రోజులుగా అందరితోనూ చెబుతున్న మాటే. "ఆబిదా గారు చేతికిచ్చేటప్పటికే నీరసంగా ఉంది. నిద్రమత్తు అనుకుని పడుకోబెట్టాను."

శ్రీలేఖ మెల్లగా తలెత్తింది.

"నేను లంచ్‌లో వీడియో కాల్ చేశాను," అంది.

ఆమె ఎదురుగా ఉన్న గోడతో చెబుతున్నట్టు, ఒక్కో మాటే వెతుక్కుంటూ చెప్పింది.

"రోజూ చేస్తానుగా. ఆబిదక్క ఫోన్ పట్టుకుంది. పాప నన్ను చూసి నవ్వింది. బోసినోరు ఇంత తెరిచి నవ్వింది. స్టాఫ్ రూంలో టీచర్లందరికీ చూపించాను... అప్పుడే బయట బండి ఆగిన చప్పుడైంది. 'అదిగో, మీ నాన్న వచ్చాడు' అని ఆబిదక్క అంది. అని, ఫోన్ పెట్టేసింది."

ఆమె భర్త వైపు తిరిగింది.

"మీ బండే కదా అది?"

శశిధర్ తల ఇంకా కిందికి దించుకున్నాడు.

"మూడు రోజులైందండీ. ఈ మాట నాకు గుర్తే రాలేదు. ఐసీయూ ముందు కూర్చుని నేనూ ఆబిదక్కనే అనుమానించాను. మొన్న మంచినీళ్లు తెస్తే తీసుకోకుండా మొహం తిప్పుకున్నాను." ఆమె మళ్లీ భర్తకేసి చూసింది. "నవ్వుతున్న పిల్లని కదా నీ చేతికిచ్చింది?"

పెళ్లయిన దగ్గర్నుంచి ఆమె అతన్ని 'నువ్వు' అనడం అదే మొదటిసారి.

"ఒరేయ్ శశీ," అంది తల్లి, హెచ్చరిస్తున్నట్టు. "నువ్వేం మాట్లాడకు. ఆ పిల్ల నిద్దర్లేక ఏదో వాగుతోంది."

శశిధర్ మాత్రం అప్పటికే కుర్చీలోంచి జారి, నేల మీద కూర్చుండిపోయాడు. మోకాళ్ల మధ్య తల పెట్టుకుని చాలాసేపు ఏడ్చాడు. ఇంద్రజ ఆపలేదు. నీళ్ల గ్లాసు అతని పక్కన పెట్టి, తన కుర్చీని అతని దగ్గరికి జరుపుకుంది.

"ఏం జరిగిందో జరిగినట్టు చెప్పండి," అంది. "మీకోసం కాదు. పాపకి ఇకముందు ఏ వైద్యం చేయాలో నాకు తెలియాలి. కింద కూర్చున్న ఆ దంపతుల కోసం కూడా."

"రెండు రాత్రులు చెరువు దగ్గరే ఉన్నానండి," అన్నాడు అతను. "రొయ్యలు పైకి తేలుతున్నాయని పిలిచారు. నీళ్లలో ఆక్సిజన్ పడిపోయింది. నిద్ర లేదు. ఇంటికొచ్చి పడుకుందామనుకున్నాను. ఆబిదా గారు తను చేసిన సరుకు ఎక్కడో ఇచ్చి రావాలని పాపని నాకిచ్చి వెళ్లారు. ఆవిడటు వెళ్లగానే ఏడుపు మొదలుపెట్టింది. పాలు పట్టాను. తాగలేదు. ఎత్తుకుని తిరిగాను. డైపర్ మార్చాను. ఫోన్‌లో పాటలు పెట్టాను. ఏం చేసినా ఆపలేదండి. నా మీద పగ పట్టినట్టు ఏడ్చింది. తల పగిలిపోతోంది నాకు. ఆపవే, ఆపవే అని అరుస్తూ..." అతను రెండు చేతులూ ముందుకు చాపి వాటిని చూసుకున్నాడు. "ఎంతసేపో తెలీదు. కాసేపే. అప్పుడు ఆపేసింది."

"ఆపేసిందా?" అంది శ్రీలేఖ.

"ఊఁ. ఒక్కసారే ఆపేసింది. కళ్లు మూతలు పడ్డాయి. నిద్రపోయిందనుకున్నాను."

"హమ్మయ్య అనుకున్నావా?"

అతను తలూపాడు.

"అనుకున్నాను. పక్కన పడుకోబెట్టి నేనూ నిద్రపోయాను."

శ్రీలేఖ లేచి కిటికీ దగ్గరికి వెళ్లి, వీపు తిప్పి నిలబడింది.

"ఇంతకు ముందు ఎప్పుడైనా?" అడిగింది ఇంద్రజ.

"లేదండి. పాప మీద ఒట్టు."

"స్కాన్‌లో కూడా పాత రక్తం జాడ లేదు. కాబట్టి మీ మాట నమ్ముతున్నాను."

వెంకటరత్నమ్మ చేతులు జోడించింది. ఇంతసేపూ ఆమెలో ఉన్న గదమాయింపు ఏమైపోయిందో, వయసు ఒక్కసారిగా మీద పడినట్టయింది.

"డాక్టరమ్మా, వాడు చెడ్డవాడు కాదు. పిల్లంటే ప్రాణం. నిద్రలేని మత్తులో ఏదో అయిపోయింది. ఈ మాట ఈ గది దాటనివ్వకు తల్లీ. నీ కాళ్లు పట్టుకుంటాను."

"అది నా చేతుల్లో లేదండీ. చెప్పి తీరాలి. పిల్లకి మీ ఇంటిల్లిపాదీ ఉన్నారు కానీ, తన తరఫున మాట్లాడే నోరు తనకి లేదు కదా." ఇంద్రజ మెత్తగానే అంది. "మీ అబ్బాయి చెడ్డవాడని నేను అనలేదు. ఇలా జరిగిన ఇళ్లలో చాలా వాటిల్లో పిల్లంటే ప్రాణమే. ఏడుపు ఎలా తట్టుకోవాలో ఎవరూ చెప్పి ఉండరు."

ఆ మాట అన్నాక ఆమెకే ఏదో తట్టింది.

"కాన్పు ఎక్కడైందమ్మా?"

"ఇక్కడేనండి," అంది శ్రీలేఖ వెనక్కి తిరక్కుండా. "మీరే చూశారు పాపని, పుట్టిన రోజున."

ఇంద్రజకు ఆ రోజులు గుర్తొచ్చాయి. ఇంటికి పంపేటప్పుడు టీకాల గురించి చెప్పారు. తల్లిపాల గురించి చెప్పారు. కామెర్లు వస్తే ఎలా గుర్తుపట్టాలో చెప్పారు. ఏడుపు గురించి మాత్రం ఎవరూ చెప్పలేదు.

"పుట్టిన రెండో వారం నుంచి ఏడుపు పెరుగుతుంది," అంది. శశిధర్‌కే చెబుతోందో, అప్పుడే చెప్పి ఉండాల్సిన మాటను ఇప్పటికైనా పైకి అంటోందో తెలియలేదు. "రెండో నెలలో మరీ ఎక్కువ. కొందరు పిల్లలు గంటల తరబడి ఏడుస్తారు. ఏ జబ్బూ ఉండదు, ఏం చేసినా ఆపరు. నాలుగైదు నెలలు వచ్చేసరికి దానంతటదే తగ్గిపోతుంది. అది పాప తప్పు కాదు, మీకు పెంచడం చేతకాక కాదు. జ్వరం లేదు, పాలు తాగుతోంది, ఒళ్లు బాగుంది అని చూసుకున్నాక, ఇంక ఓర్చుకోలేకపోతున్నాను అనిపిస్తే పిల్లని వెల్లకిలా పడుకోబెట్టి, పడిపోయే వీలు లేని చోట వదిలేసి, గదిలోంచి బయటికి వచ్చేయాలి. మొహం కడుక్కోవాలి. ఎవరికైనా ఫోన్ చేయాలి. కొద్ది నిమిషాలకోసారి వెళ్లి చూసుకుంటే చాలు. కాసేపు ఏడిస్తే పిల్లకి ఏమీ కాదు."

"వదిలేసి వచ్చేయొచ్చా?" అన్నాడు శశిధర్. అతని ముఖం చూస్తే జాలేసింది. "వదిలేస్తే తప్పనుకున్నానండి. తండ్రినై ఉండి ఏడుపు ఆపలేకపోతే ఎలా అనుకున్నాను."

తలుపు తోసుకుని సిస్టర్ సువార్త లోపలికి వచ్చింది. పరుగున వచ్చినట్టుంది, రొప్పుతోంది.

"మేడం! పాప ఏడుస్తోంది."

శ్రీలేఖ అందరికన్నా ముందు గదిలోంచి బయటపడింది.

ఐసీయూ తలుపు దగ్గరే ఆ గొంతు వినబడింది. పెద్ద ఏడుపు కాదు. సన్నగా, పిల్లికూన అరిచినట్టు, మధ్యమధ్య ఆగుతూ వస్తోంది. ఇంద్రజ పాప అరికాలి మీద వేలితో గీస్తే కాలు లాక్కుంది. రెండో కాలూ లాక్కుంది. నోటి పక్కన బుగ్గ తాకితే అటు తిరిగి పెదాలు చప్పరించింది.

"ఆకలేస్తోంది దీనికి," అంది ఇంద్రజ, నవ్వాపుకోలేక. "సిస్టర్, కొద్దిగా పాలు. గొట్టంలో కాదు, చెంచాతో చూద్దాం."

శ్రీలేఖ వంగి కూతురి నుదుటికి తన చెంప ఆనించింది. పాప ఏడుస్తూనే ఉంది. ఆమె ఆపమనలేదు. "ఏడువు తల్లీ, ఏడువు బంగారం," అంటూ ఉండిపోయింది. పక్క మంచం దగ్గర మరో బిడ్డ తల్లి కొంగుతో కళ్లొత్తుకుంది.

"మునుపట్లా అవుతుందా మేడం?"

"ఇవాళ మాట ఇవ్వలేనమ్మా. కళ్లు చూస్తూ ఉండాలి. మెడ నిలపడం, కూర్చోవడం, మాటలు, అన్నీ వేళకి వస్తున్నాయో లేదో కొన్నేళ్ల పాటు కనిపెట్టుకుని ఉండాలి. అవసరమైతే ఫిజియోథెరపీ చేయిద్దాం. కానీ మొన్న చూసిన పిల్లకీ ఈ పిల్లకీ పోలికే లేదు. ఇంత త్వరగా పాలడిగిందంటే నాకు చాలా ఆశగా ఉంది."

శశిధర్ తలుపు అద్దం వెనక నిలబడి చూస్తున్నాడు. లోపలికి రావడానికి చెయ్యి తలుపు మీద వేశాడు. ఇంద్రజ ఎదురెళ్లింది.

"ఇప్పుడు కాదండీ. పాప దగ్గరికి మీరు ఎప్పుడు, ఎలా రావచ్చో బాలల సంక్షేమ కమిటీ వాళ్లు చెబుతారు. అందాకా దూరంగానే ఉండాలి."

అతను చెయ్యి తీసేశాడు. వాదించలేదు. లోపల కూతురు చెంచాతో పాలు చప్పరించడం ఇంకాసేపు చూసి, మెట్ల వైపు నడిచాడు. తల్లి వెనకాలే వెళ్లి చొక్కా పట్టుకుంది.

"ఎక్కడికిరా?"

"కిందికమ్మా. ఆబిదా గారి దగ్గరికి."

వరండాలో ఏఎస్సై శోభనాద్రి అప్పుడే ప్రశ్నలు మొదలుపెట్టాడు. ఆబిదా గోడకి ఆనుకుని నిలబడి, అడిగిందే అడుగుతుంటే చెప్పిందే చెబుతోంది. ఇంట్లో కూర్చుని రోల్డ్‌గోల్డ్ దుద్దులకి రాళ్లు అతికించే పని ఆమెది. ఆ మధ్యాహ్నం తయారైన సరుకు ఇచ్చి రావడానికే పాపను తండ్రి చేతికిచ్చి వెళ్లింది. మూడు రోజులుగా వీధిలో ఎవరూ ఆమెతో మాట్లాడటం లేదు. భర్త హనీఫ్ బెంచీ మీద బిగుసుకుపోయి కూర్చున్నాడు.

శశిధర్ తిన్నగా వచ్చి వాళ్ల ముందు నిలబడ్డాడు.

"సార్, ఆవిణ్ణి అడగకండి. పాపని నేనే కుదిపేశాను. ఆవిడ నాకిచ్చేటప్పటికి పాప బాగానే ఉంది. నేను అబద్ధం చెప్పాను."

శోభనాద్రి అతన్ని ఎగాదిగా చూశాడు. "ఏం మాట్లాడుతున్నారో తెలుస్తోందా?"

"తెలుస్తోందండి."

హనీఫ్ ఒక్క ఉదుటున లేచి అతని కాలరు పట్టుకున్నాడు. కొడతాడనే అనుకున్నారంతా. శశిధర్ చేతులు కూడా అడ్డం పెట్టుకోలేదు. హనీఫ్ అలాగే కాసేపు కళ్లలోకి చూసి వదిలేశాడు.

"మూడు రోజులు, శశిధర్ గారూ," అన్నాడు. "మా ఆవిడ మూడు రోజుల్నుంచి అన్నం ముట్టలేదు."

ఆబిదా అడిగిన మాట వేరు.

"పాప ఎలా ఉందిప్పుడు?"

"ఏడుస్తోందండి. పాలు తాగుతోంది."

"అల్హందులిల్లా, అంతా అల్లా దయ," అని ఆబిదా అక్కడే కూలబడి, మొహం దాచుకుని వెక్కి వెక్కి ఏడ్చింది.

అప్పటికి ఇంద్రజ, శ్రీలేఖ కిందికి వచ్చారు. శ్రీలేఖ ఆబిదా పక్కన నేల మీద కూర్చుని ఆమె చేయి తీసుకుంది. ఇద్దరిలో ఎవరు ఎవర్ని ఓదారుస్తున్నారో తెలియలేదు. శోభనాద్రి శశిధర్‌ను స్టేషన్‌కి రమ్మన్నాడు. అతను భార్యకేసి చూశాడు. ఆమె చూపు తిప్పుకోలేదు. అతను జీపు ఎక్కాడు.

జీపు గేటు దాటాక ఇంద్రజ గొంతు సవరించుకుంది.

"శ్రీలేఖా, ఇంకో వారంలో పాపని ఇంటికి పంపగలననుకుంటున్నాను. కానీ మీరు ఒక్కరే ఉంటే పంపను. రాత్రీ పగలూ ఒక్కరే చూసుకుంటే మీకూ నిద్ర ఉండదు, మీకూ ఓపిక అయిపోతుంది. తోడు ఎవరో ఒకరు ఉండాలి. కమిటీ వాళ్లు కూడా మొదట అడిగేది అదే."

"నేను లేనూ?" అంది మెట్ల దగ్గర నిలబడిపోయిన వెంకటరత్నమ్మ.

శ్రీలేఖ ఆమె వైపు చూడలేదు. "ఈ మాట ఈ గది దాటనివ్వకు అన్నారు మీరు, అత్తయ్యా," అంది.

"నేను చూసుకుంటాను," అంది ఆబిదా కళ్లు తుడుచుకుంటూ. "నా దగ్గరికి పంపండి, డాక్టర్ గారూ. పగలు నా దగ్గర ఉంటుంది. రాత్రి ఎప్పుడు గోడ మీద కొట్టినా లేచి వస్తాను."

"కుదరదు," అన్నాడు హనీఫ్.

ఆబిదా బిత్తరపోయి అతనికేసి చూసింది.

"పాప మీద నాకు కోపం లేదు. దాని నవ్వు చూడందే నాకూ పొద్దుపోదు," అన్నాడు అతను. "కానీ మా ఆవిణ్ణి దోషిని చేసి నిలబెట్టింది ఈ వరండాలో కాదు. మా వీధిలో. పాలవాడి దగ్గర్నుంచి పని ఇచ్చే సేట్ దాకా అందరూ విన్నారు. రేపు పాపకి చిన్న జలుబు చేసినా మళ్లీ ఆబిదా వైపే చూస్తారు. ఆ పెద్దావిడ అదే వీధిలో, అదే చోట నిలబడి, అంత గొంతుతోనే నిజం చెప్పాలి. అప్పుడు పాప మా ఇంటికి రావచ్చు. లేదంటే ఆబిదా ఏడ్చినా సరే, నేను గడప దాటనివ్వను."

అందరి చూపులూ వెంకటరత్నమ్మ మీదకి తిరిగాయి. నిజం చెప్పడమంటే కన్నకొడుకు పేరు వీధిలో పలకడం. ఆమె గోడ పట్టుకుని చివరి మెట్టు దిగింది. కోడలి వంక చూసింది, ఆబిదా వంక చూసింది. చెప్పులు వేసుకుని, కొంగు భుజం మీదుగా నిండుగా కప్పుకుని గేటు దాకా నడిచింది.

ఆమె సొంతూరు కోడూరుకి బస్సు పట్టుకోవాలంటే బస్టాండు ఎడమ వైపు. చిలకలపూడి కుడి వైపు. రోడ్డు మీద వెళ్తున్న ఆటోను ఆమె చెయ్యెత్తి ఆపింది.

"ఎక్కడికమ్మా?" అన్నాడు డ్రైవరు.

ఆటో ఇంజన్ హోరులో ఆమె చెప్పిన మాట గేటు లోపలున్న ఎవరికీ వినబడలేదు. ఆటో చిలకలపూడి వైపు, కుడికి తిరగడం చూసి, ఆమె వెంట వెళ్లడానికి హనీఫ్ రోడ్డు మీదకి పరిగెత్తాడు.